శాశ్వత కార్బన్ నిల్వకి ఆఫీసు డబ్బు పెట్టమంటున్నారు, ఏం చూసి పెట్టాలి?

కొత్తకొలువు:

అందరికీ నమస్కారం. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మేం వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి లెక్క సరిపెట్టడానికి ఏటా లాభంలోంచి కొంత తీసి క్రెడిట్లు, అంటే మా బదులు ఇంకెవరో అన్ని టన్నులు తగ్గించారనే కాగితాలు, కొంటాం. మూడేళ్లు వరసగా చెట్ల క్రెడిట్లే కొన్నాం, చవగ్గా పడ్డాయి, సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చింది, వెబ్‌సైట్‌లో పెట్టుకున్నాం, అయిపోయింది. కిందటేడు ఆ అడవిలో పెద్ద భాగం తగలబడిందని మెయిల్. కింద చిన్న అక్షరాల్లో "బఫర్ నిల్వ నుంచి సర్దుబాటు చేశాం, మీ క్రెడిట్లకి ఢోకా లేదు" అని ఒక లైను. బఫర్ అంటే ఇలాంటి నష్టాలకని ముందే పక్కన పెట్టే అదనపు క్రెడిట్లట. చెట్లు బూడిదయ్యాయి, నా పీడీఎఫ్ మాత్రం చెక్కుచెదరలేదన్నమాట.

అది చూసి మా బాస్ ఈసారి భూమి లోపల శాశ్వతంగా దాచేవాళ్లకే ఇద్దామని పట్టుబట్టారు, ఎవరికో తేల్చే పని నా నెత్తిన పడింది. కొటేషన్లు తెప్పిస్తే ఒకరు టన్నుకి 150 డాలర్లు, ఇంకొకరు 350, గాలిలోంచి నేరుగా పట్టేవాళ్లు 900 అంటున్నారు. మరో కంపెనీకి ప్లాంటే లేదు, డబ్బు ఇప్పుడు కట్టండి, టన్నులు 2029లో ఇస్తాం అంటోంది. ఒకే గ్యాస్‌కి ఇన్ని రేట్లేంటి? లేని ప్లాంటుకి డబ్బెందుకు కట్టాలి? మా బడ్జెట్ 40 వేల డాలర్లు. తప్పు చోట పెడితే మళ్లీ నేనే సంజాయిషీ చెప్పుకోవాలి, అదే టెన్షన్.

లెక్కలమనిషి:

రేట్ల తేడాకి ముఖ్య కారణం గ్యాస్ ఎంత పలచగా ఉందనేదే. సిమెంటు ఫ్యాక్టరీ పొగలో కార్బన్ డయాక్సైడ్ 20 శాతం చుట్టూ ఉండొచ్చు. బయటి గాలిలో 0.04 శాతం చిల్లర, అంటే దాదాపు 2,400 అణువులకి ఒకటి. ఆ ఒక్కదాన్ని ఏరడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పాలి, ఫిల్టర్‌కి అంటుకున్నదాన్ని వేడి చేసి విడిపించాలి, కరెంటు బిల్లు అక్కడే పేలిపోతుంది. అయితే చవగ్గా ఉందని ఫ్యాక్టరీ పొగ వైపు పరిగెత్తకండి. అక్కడ జరిగేది కొత్తగా గాలిలో కలవబోయేదాన్ని ఆపడం. ఇప్పటికే గాలిలో ఉన్నదాన్ని వెనక్కి తీయడం వేరే పని. రెండూ కావాల్సినవే, కానీ మీ కంపెనీ పోయినేడు వదిలిన టన్నుకి బదులు కావాలంటే రెండోదే కొనాలి. 150 అన్నవాళ్లు ఏది అమ్ముతున్నారో ముందు అది అడగండి.

ఇక లేని ప్లాంటు సంగతి. నవ్వొస్తుంది గానీ ఈ రంగం నడుస్తున్నదే దాని మీద. ప్లాంటు కట్టడానికి బ్యాంకు అప్పివ్వాలి, బ్యాంకేమో "మీ సరుకు కొనేదెవరు" అంటుంది, గాలిలోంచి తీసిన గ్యాస్‌ని కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లేవాడెవడూ ఉండడు కదా. అందుకని "ఫలానా ఏడాది నుంచి టన్నుకింత చొప్పున ఇన్ని టన్నులు కొంటాం" అని పెద్ద కంపెనీ ఒకటి సంతకం పెట్టి ఇస్తే ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్తారు. 2022లో స్ట్రైప్, ఆల్ఫాబెట్, షాపిఫై, మెటా, మెకిన్సీ కలిసి ఫ్రాంటియర్ అని పెట్టి 92.5 కోట్ల డాలర్ల కొనుగోళ్లకి మాటిచ్చింది ఇందుకే. ఆలోచన టీకాల నుంచి వచ్చింది. పేద దేశాల పిల్లలకి న్యుమోకాకల్ (న్యుమోనియా లాంటి జబ్బులు రాకుండా వేసే) టీకా తయారు చేస్తే కొంటాం అని 2009లో 150 కోట్ల డాలర్లు ముందే పక్కన పెట్టారు, ఆ భరోసా మీద కంపెనీలు సరఫరాకి ఒప్పుకున్నాయి.

ఫ్రాంటియర్‌లో రెండు రకాల ఒప్పందాలుంటాయి, మీకు పనికొచ్చేది ఈ తేడానే. ఇంకా మొదటి మెట్టు మీదున్న కంపెనీకైతే చిన్న మొత్తం ముందే ఇచ్చేస్తారు, పోతే పోయిందనుకునే ఇస్తారు. పెద్ద ఒప్పందంలో టన్ను దాచి, బయటివాళ్లు సరిచూశాకే డబ్బు. 40 వేలున్నవాళ్లకి రెండో రకం నేరుగా దొరకడం కష్టం, మధ్యవర్తి ద్వారా పదిమందితో కలిసి కొనాలి. 2029 కంపెనీ మిమ్మల్ని అడుగుతున్నది మొదటి రకం. అది పెట్టుబడీ కాదు, క్రెడిటూ కాదు, వాళ్ల ప్రయోగానికి విరాళం. విరాళమని తెలిసి ఇస్తే తప్పులేదు. "కార్బన్ న్యూట్రల్" (వదిలినంతా సరిపెట్టేశాం) అని వెబ్‌సైట్‌లో రాసుకుంటేనే తప్పు.

పాతకంప్రెసర్:

పైన లెక్కలమనిషి గారు డబ్బు వైపు బాగా చెప్పారు, నేను ప్లాంటు వైపు నుంచి. ఒక క్యాప్చర్ యూనిట్‌లో (పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టే చోటు) నాలుగేళ్లు షిఫ్టులు చేశా, పేరొద్దు. పట్టింది వేరు, దాచింది వేరు బ్రదర్. మా దగ్గర గ్యాస్‌ని ద్రావకం లాగేది, దాన్ని మరిగించి గ్యాస్ విడదీసి కంప్రెసర్‌కి పంపేవాళ్లం. ఆ కంప్రెసర్ రాత్రి రెండింటికి ట్రిప్ అయి ఆగిపోయిందనుకోండి (రెండింటికే అయ్యేది, అదేం శాపమో), పట్టిన గ్యాస్ మొత్తం వెంట్ గొట్టం గుండా మళ్లీ ఆకాశంలోకే. మీటరేమో కంప్రెసర్‌కి ముందే ఉండేది! "పట్టిన టన్నులు" అంకె గిర్రున తిరుగుతూనే ఉండేది, నెలాఖరు రిపోర్టులోకి ఆ అంకే ఎక్కేది. కాబట్టి మీటరు ఎక్కడ పెట్టారని అడగండి. గ్యాస్‌ని భూమిలోకి దింపే బావి నోటి దగ్గర ఉండాలి.

దాంట్లోంచి కూడా యంత్రాలకి వాడిన కరెంటు, ఆవిరి తాలూకు కార్బన్ తీసేయాలి. 1,000 టన్నులు దాచి, దాచడానికి 300 టన్నులు వదిలితే మీరు కొన్నది 700. బోర్డు మీది కెపాసిటీని అయితే అసలు నమ్మొద్దు. ఐస్‌లాండ్‌లో గాలిలోంచి నేరుగా పట్టే క్లైమ్‌వర్క్స్ కంపెనీ ఓర్కా ప్లాంటు 2021లో ఏడాదికి 4,000 టన్నులంటూ మొదలైంది, మొదటి కొన్నేళ్లు ఆ అంకెకి చాలా దూరంలోనే ఉండిపోయింది. మోసం అనను, కొత్త యంత్రాలు అలాగే ఏడిపిస్తాయి.

ఇంకోటి, ప్రాజెక్టు దేని రాబడి మీద బతుకుతోందో చూడండి. టెక్సాస్‌లో బొగ్గు కరెంటు ప్లాంటు పొగని పట్టే పెట్రా నోవా 2017లో మొదలైంది, పట్టిన గ్యాస్‌ని పాత చమురు క్షేత్రంలోకి ఎక్కించి మిగిలిన చమురు తోడుకోవడమే దాని ఆదాయం. 2020లో చమురు ధర కూలింది, ప్లాంటు మూతపడింది, మళ్లీ 2023లో గానీ తెరవలేదు. అదే నార్వేలో స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం చూడండి. అక్కడి సహజవాయువులో ఈ గ్యాస్ ఎక్కువ, అమ్మాలంటే ఎలాగూ వేరు చేయాలి, వేరు చేసి గాలిలోకి వదిలితే 1991లో వేసిన కార్బన్ పన్ను నెత్తిన పడుతుంది. పన్ను కట్టేకంటే పాతిపెట్టడమే మేలని 1996 నుంచి సముద్రం అడుగున ఇసుకరాతిలోకి పంపుతూనే ఉన్నారు.

రాతిపొర:

లీకవుతుందేమోనని ఎవరూ అడగలేదే, సాధారణంగా మొదటి ప్రశ్న అదే. సుమారు 800 మీటర్ల లోతు దాటితే ఒత్తిడికి కార్బన్ డయాక్సైడ్ దాదాపు ద్రవంలా చిక్కబడి రాతి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది, పైన గ్యాస్ దూరలేని మట్టిరాతి పొర మూతలా ఉండాలి. మంచి చోటు చూసి దింపితే బయటికి రావడం కష్టం. అసలు భయం పాత చమురు, గ్యాస్ బావులతో. ఎప్పుడో తవ్వి సరిగ్గా సిమెంటు పెట్టకుండా వదిలేసినవి చుట్టుపక్కల ఎన్నున్నాయో అడగండి.

ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ పద్ధతి వేరు. గ్యాస్‌ని నీళ్లలో కలిపి, సోడా లాగే, బసాల్ట్ రాతిలోకి పంపుతారు. ఆ పుల్లటి నీళ్లు రాతిలోని కాల్షియంని కరిగిస్తాయి, రెండూ కలిసి తెల్లటి సున్నపు ఖనిజంగా గడ్డకడతాయి. ప్రయోగంలో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రచురించారు. తర్వాత పైకి తీసిన రాతి ముక్కల్లో గుంటల నిండా ఆ తెల్లటి పూత కనిపిస్తుంది, ఫొటోలు దొరుకుతాయి, బాస్‌కి చూపించండి. ఇబ్బందల్లా నీళ్లే, టన్ను గ్యాస్‌కి పాతిక టన్నుల దాకా కావాలి.

మీ 350 కొటేషన్ పొలాల్లో రాతిపొడి చల్లి, అది గాలిలోని గ్యాస్‌ని పట్టుకునేలా చేసే రకమా? అయితే జాగ్రత్త. పద్ధతి మంచిదే, కానీ అక్కడ మీటరుండదు. మట్టి నమూనాలు తీసి లెక్క కట్టాలి, పొలానికీ పొలానికీ ఫలితం మారిపోతుంది. ఎన్ని నమూనాలు తీశారు, పొడి చల్లని పొలంతో పోల్చారా అన్నది అడక్కుండా కొనొద్దు.

లెక్కలమనిషి:

ఒకటి మర్చిపోయా. ప్రభుత్వ రాయితీ ఎంత వస్తోందో కూడా కనుక్కోండి. అమెరికాలో 45క్యూ అనే పన్ను చట్టం సెక్షన్ కింద ఫ్యాక్టరీ గ్యాస్ పట్టి దాస్తే టన్నుకి 85 డాలర్ల దాకా, గాలిలోంచి తీసి దాస్తే 180 దాకా పన్ను రాయితీ ఉంది. ఫ్యాక్టరీ గ్యాస్‌కి కొన్నిచోట్ల ఆ రాయితీతోనే గిట్టుబాటవుతుంది. అలాంటప్పుడు మీ డబ్బు లేకపోయినా ఆ టన్ను దాగేదే, మీరు కొన్నది కాగితమే.

కొత్తకొలువు:

అందరికీ థ్యాంక్సండీ. మీరు చెప్పినవన్నీ కలిపి నలుగురికీ ఒకే మెయిల్ పెట్టా: మీటరు ఎక్కడుంది, నికరంగా ఎన్ని టన్నులు, టన్ను దాచలేకపోతే డబ్బు వెనక్కిస్తారా, రాయితీ ఎంత. 150 వాళ్లది ఫ్యాక్టరీ పొగేనని ఒప్పుకున్నారు. 350 వాళ్లది రాతిపొడే, నమూనాల పట్టిక మొత్తం పంపారు, నాకు అర్థం కాలేదు, @రాతిపొర గారూ, మీకు ఓపికుంటే ఇక్కడ పెడతా. 900 వాళ్లు వచ్చే వారం కాల్ పెట్టుకుందామన్నారు. 2029 కంపెనీ నుంచి రెండు లైన్ల జవాబు: "డబ్బు వెనక్కి ఇవ్వలేం, మాకింకా మీటరే లేదు." విచిత్రంగా మా బాస్‌కి అదే నచ్చింది, ఐదు వేలు విరాళం కింద రాయమన్నారు.