క్యాస్టింగ్ ఓటును తెలుగులో ఏమనాలి?

సీతమ్మధార నుంచి:
అమెరికాలో ఒక చిన్న ఊరి పాలన గురించిన వ్యాసం అనువదిస్తున్నాను. అక్కడి మేయర్ మండలి సమావేశానికి అధ్యక్షత వహిస్తాడు కానీ, ఓట్లు అటూ ఇటూ సమానమైనప్పుడే తన ఓటు వేస్తాడు. 'క్యాస్టింగ్ ఓటు' అని రాసి మా అత్తగారికి చదివి వినిపిస్తే, 'అక్కడ కూడా కులం ఓటు ఉందా?' అన్నారు. ఆ మాట కొట్టేశాను. 'నిర్ణాయక ఓటు' సరిపోతుందా?

గాజువాక నుంచి:
ఆవిడే నయమమ్మా. ఉక్కు కర్మాగారంలో 30 ఏళ్లు పనిచేసిన నాకు క్యాస్టింగ్ అంటే పోత పోయడమే! 'నిర్ణాయక ఓటు' పత్రికలు వాడే మాటే, వాడుకోండి.

భీమిలి నుంచి:
నాకు అది నచ్చదు. 2025 ఏప్రిల్‌లో మన విశాఖ మేయర్‌పై అవిశ్వాసం నెగ్గడానికి 74 ఓట్లు కావలసి ఉండగా సరిగ్గా 74 పడ్డాయి. ఆ 74వ ఓటు నిర్ణాయకం కాదా? అయినా అది క్యాస్టింగ్ ఓటు కాదు. లోక్‌సభ స్పీకర్‌కు రాజ్యాంగం 100వ అధికరణం ఇచ్చినది అసలైన క్యాస్టింగ్ ఓటు: మొదట ఓటు వేయకూడదు, సమానమైతే వేయాలి. తక్కెడ నిలిచిపోయినప్పుడు ఒక పక్కకు ఒరగడాన్ని మనం మొగ్గు అంటాం. 'మొగ్గు ఓటు' అనండి.

ఇంకొకటి. చిన్న ఊరికి 'మేయర్' అంటే మన పాఠకుడికి 98 వార్డుల మహా విశాఖ కళ్లముందు నిలుస్తుంది. నర్సీపట్నం లాంటి పురపాలక సంఘానికి ఉండేది ఛైర్‌పర్సన్ కదా. పైగా పత్రికలు 'మేయర్ పీఠం' అని ఊదరగొడతాయి. పీఠం మేయర్‌దే, కార్యనిర్వహణ అధికారం కమిషనర్‌ది.

సీతమ్మధార నుంచి:
'మొగ్గు చూపాడు' అంటే ముందే ఒక పక్షం వహించాడన్న అర్థం వస్తుందేమో మాస్టారూ?

భీమిలి నుంచి:
వస్తుంది. అక్కడ దొరికిపోయాను.

సీతమ్మధార నుంచి:
అయితే మొదటిసారి 'ఓట్లు సమానమైతే మేయర్ వేసే ఓటు' అని విప్పి రాసి, తర్వాత 'నిర్ణాయక ఓటు' అంటాను. అమెరికాలో అన్ని ఊళ్లకూ ఒకే నియమం లేదు. కొన్నిచోట్ల మేయర్ తక్కిన సభ్యులతో పాటే ఓటు వేస్తాడు. కాబట్టి ఆ వివరణ ఎలాగూ తప్పదు. 'మేయర్'ను మాత్రం మార్చను, ఆ ఊరివాళ్లు పిలుచుకునే పేరది. అత్తగారు 'తగవు తీర్చే ఓటు' అనమంటున్నారు. శీర్షికకు అట్టిపెట్టుకున్నాను.