ట్యాంకు నిండా నీళ్ళున్నా కరెంట్ పోతే చుక్క రాని వాటర్ ప్యూరిఫయర్, ఏం చెయ్యాలి?

కూకట్‌పల్లి_వంటిల్లు:
అందరికీ నమస్తే. పండగ ఆఫర్‌లో కొత్త ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్ తీసుకున్నాం, పేరు వద్దులెండి, ఇరవై వేల దాకా అయింది. ముందంతా నల్లటి గ్లాసు, ట్యాప్ అనేదే లేదు, వేలు పెడితే నీళ్ళు వస్తాయి, షాపులో అదే గొప్పగా చూపించారు. ఇంటికొచ్చాక తెలిసింది కరెంట్ పోతే దాంట్లోంచి ఒక్క చుక్క రాదని. లోపల ట్యాంకులో నీళ్ళు నిండుగా కనిపిస్తనే ఉంటాయి, బయటికి రావంతే. మొన్న గాలిదుమారం వచ్చి రాత్రి దాకా కరెంట్ లేదు, మా అత్తమ్మ బీపీ గోళీ వేసుకోవాలంటే కింద కిరాణా షాపుకి పోయి బాటిల్ కొనుక్కొచ్చాను. ఇంట్లో ఇంత మిషన్ పెట్టుకుని నీళ్ళు కొనుక్కోవడమేంటండీ, చాలా బాధేసింది.
ఇంకోటి, వంట చేస్తుంటే చేతులకి తడి, పిండి ఉంటాయి కదా, ఆ చేత్తో టచ్ అసలు పనిచెయ్యదు, ఒక్కోసారి గ్లాసు తుడుస్తుంటే దానంతటదే ఆన్ అయి గట్టంతా నీళ్ళు. పైపు మూతికీ కింద ట్రేకీ మధ్య జానెడు కూడా లేదు, లీటర్ బాటిల్ నిలబడదు, వాల్చి పట్టుకుంటే సగమే నిండుతుంది. గుర్తులన్నీ సన్నగా ఉన్నాయి, అత్తమ్మకి కనపడవు, ఎవరో ఒకరం వచ్చి పట్టిచ్చేదాకా ఆమె దాహంతో కూర్చుంటది. రిటర్న్ గడువు అయిపోయింది. ఫోన్ చేస్తే "అది డిఫెక్ట్ కాదు మేడం, డిజైనే అంత" అంటున్నారు. ట్యాంకుకి పక్కన మామూలు ట్యాప్ పెట్టించుకోవచ్చా? లేక అమ్మేసుడేనా?

పానా_స్క్రూడ్రైవర్:
అక్కా, ట్యాంకుకి రంధ్రం మాత్రం కొట్టియ్యకండి, వారంటీ పోతది, లీకైతే నీళ్ళు పోయి సర్క్యూట్ బోర్డు మీద పడతాయి. లోపల సోలెనాయిడ్ వాల్వ్ ఉంటది, కరెంట్ ఇస్తే తెరుచుకుంటది, లేకుంటే స్ప్రింగ్ మూసేస్తది. నీళ్ళు శుద్ధి కావాలంటే కరెంట్ కావాల్సిందే, పంపు ప్రెషర్ లేకుంటే సన్నటి వడపోత పొర, అంటే మెంబ్రేన్‌ లోంచి నీళ్ళు దిగవు, క్రిములు చంపే యూవీ లైటు వెలగదు. కానీ శుద్ధి అయిపోయి ట్యాంకులో ఉన్న నీళ్ళు కిందికి దిగడానికి కరెంట్ ఎందుకక్కా? చేత్తో తిప్పే ట్యాప్ ఒకటి పక్కన ఇస్తే అయిపోయేది. అది డిజైన్ లోపమే, వాళ్ళేమన్నా అననీ.
ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్యూరిఫయర్ ప్లగ్గుని ఆ లైనుకి మార్పించండి, వంటింటి ప్లగ్గులు మామూలుగా ఇన్వర్టర్ మీద ఉండవు. ఫ్యాన్ అంత కూడా లాగదు దాదాపు. ఇన్వర్టర్ లేకపోతే ట్యాంకు అడుగునో వెనకనో డ్రెయిన్ ప్లగ్ ఉందేమో చూడండి, చాలా వాటికి ఉంటది, సర్వీస్ అబ్బాయిని అడిగితే చూపిస్తాడు.

బోరు_మంజీరా:
నాదొక ప్రశ్న, అసలు మీకు ఆర్‌ఓ అవసరమా? మన హైదరాబాద్ జలమండలి నీళ్ళు మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వస్తాయి, శుద్ధి చేసే పంపిస్తారు. తాగే నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా పర్లేదని బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మా నల్లా నీళ్ళు మీటర్ పెట్టి చూస్తే 500కి చాలా కిందే ఉన్నాయి, అదే బోరు నీళ్ళు వెయ్యి దాటాయి. అపార్ట్‌మెంట్ల సంగతి తెలుసు కదా, ఎండాకాలం రాగానే నల్లా నీళ్ళు, బోరు, ట్యాంకర్ అన్నీ ఒకే సంపులో కలిపేస్తారు, అక్కడే చిక్కు. మీ వాచ్‌మన్‌ని అడిగి సంపు నీళ్ళు ఒకసారి, నల్లా వచ్చే టైంలో విడిగా ఒకసారి టెస్ట్ చెయ్యండి. నల్లా నీళ్ళు విడిగా పట్టుకునే వీలుంటే యూవీ, యూఎఫ్ (సన్న రంధ్రాల ఫిల్టర్) ఉన్నది చాలు, యూఎఫ్ ఒక్కటే అయితే కరెంట్ కూడా అక్కర్లేదు, ఆర్‌ఓ లాగ ఒక లీటర్‌కి రెండు మూడు లీటర్లు డ్రైనేజీలో పొయ్యడమూ ఉండదు. ఆర్‌ఓనే ఉంచుకుంటే మాత్రం ఆ వేస్ట్ పైపు కింద బకెట్ పెట్టండి, బాత్రూమ్ కడగడానికి పనికొస్తాయి, మొక్కలకి రోజూ పోస్తే ఉప్పు పేరుకుపోతుంది.

రసీదు_దాచుకో:
"డిజైనే అంత" అంటే వదిలేస్తారా? కరెంట్ లేకపోతే నీళ్ళు రావని అమ్మేటప్పుడు చెప్పారా, డబ్బా మీద రాశారా చూడండి. చెప్పకుండా దాచితే అది అడగదగ్గ విషయమే. మొదట కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్లో మాట్లాడితే ఆధారం ఉండదు. తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫ్రీ. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, టైం రెండేళ్ళు. పూర్తి డబ్బులు వస్తాయని నేను భరోసా ఇవ్వను గానీ ట్యాప్ ఉన్న మోడల్‌కి మార్పించుకోవడానికి ఇది గట్టి దారి.

కూకట్‌పల్లి_వంటిల్లు:
చాలా థాంక్స్ అందరికీ. వెనక తెల్ల ప్లగ్ ఒకటి ఉంది, సర్వీస్ అబ్బాయి వస్తే అడుగుతా. మెయిల్ ఇవాళే పెడుతున్నా. అప్పటిదాకా పొద్దున్నే స్టీలు బిందెలో పట్టి మూత పెట్టి చెంబు పక్కన పెట్టాను, అత్తమ్మ తనే ముంచుకుంటోంది. ఒకవేళ మారుస్తామంటే ఏం చూసి తీసుకోవాలి?

పానా_స్క్రూడ్రైవర్:
షాపుకి పోయేటప్పుడు మీ లీటర్ బాటిల్ తీస్కపోండి అక్కా, మూతి కింద నిలబడుతుందో లేదో చూడండి. తర్వాత కరెంట్ ప్లగ్ తీసేసి నీళ్ళు పట్టమనండి. అత్తమ్మని కూడా తీస్కపోతే ఇంకా మంచిది, ఆమెతోనే ట్యాప్ తిప్పించండి.