చెడిపోయిందా, చెడగొట్టారా? కిట్టీ వెల్స్ పాటలో ఒక మాట

ప్రశ్న: అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీల) సంగీత గాయని కిట్టీ వెల్స్ 1952 నాటి పాటలోని 'హాంకీ టాంక్ ఏంజెల్స్'ని తెలుగులో ఏమనాలి? 'బారు దేవతలు' అంటే అస్సలు అతకడం లేదు.

జవాబు: 'దేవతలు' వద్దండీ. హాంకీ టాంక్ అంటే మందు, జూక్‌బాక్స్ పాటలు, డాన్సు ఉండే చౌక బారు. 'హాంకీ టాంక్ ఏంజెల్స్' అన్న మాట అంతకుముందు హాంక్ థాంప్సన్ అనే గాయకుడి పాటలో వచ్చింది. తనను వదిలేసి బార్ల వెంట పోయిన ఆమెను తిడుతూ, ఇలాంటివాళ్లను కూడా దేవుడే పుట్టించాడా అంటాడు అందులో మగవాడు. మన ఊళ్లలో ఆ కోపంతో 'చెడిపోయింది' అంటారు. అకర్మక క్రియ కదా, తప్పంతా ఆమెదే అయిపోతుంది, ఇంకెవరి పేరూ రాదు.

ఆ పాటకు జవాబుగా వచ్చిన కిట్టీ పాట దాన్ని సకర్మకం చేస్తుంది. వాళ్లనలా చేసింది దేవుడు కాదు, పెళ్లయ్యాక కూడా బ్రహ్మచారుల్లా తిరిగే మగాళ్లు అంటుంది. నేనైతే మొదటి పాటలో 'చెడిపోయినది' అని, ఈమె పాటలో 'చెడగొట్టింది ఎవరు?' అని రాస్తాను. ధాతువు ఒకటే, నేరం మాత్రం చేతులు మారుతుంది.

పాడిన మనిషి ఎవరన్నదీ చూడాలి. నాష్‌విల్‌లో 1919లో పుట్టిన ఈమె అసలు పేరు మ్యూరియల్ డీసన్. గాయకుడు జానీ రైట్ భార్య, పిల్లల తల్లి. పాటలు మానేద్దామనుకుంటున్న రోజుల్లో, రికార్డింగుకి వచ్చే 125 డాలర్ల కోసం ఒప్పుకుంది. రాసింది జె.డి. మిల్లర్ అనే మగవాడే. అమెరికాలోని ఎన్‌బీసీ రేడియో ఆ పాటను నిషేధించింది. అయినా బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒక గాయని ఒక్కతే పాడి అక్కడికి చేరడం అదే మొదలు. గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. ఇంటి ఇల్లాలు నిలబడి నిదానంగా అడుగుతున్నట్టు ఉంటుంది. అందుకే తెలుగులో కూడా తిట్టు మాటలు పడకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: 'ఆన్సర్ సాంగ్'ని 'జవాబు పాట' అనొచ్చా అండీ?

జవాబు: హాయిగా అనండి. థాంప్సన్ పాటదీ దీనిదీ ఒకే బాణీ. పైగా అది పాత బాణీ, 1936లో రాయ్ ఏకఫ్ అనే గాయకుడు రికార్డు చేసిన భక్తిగీతానిది కూడా అదే. అనువదించేవారు రెండు పాటలకూ ఒకే ఛందస్సు పెట్టుకుంటే, ఏ మాటకు ఏ మాట జవాబో వినగానే తెలుస్తుంది.