అప్‌డేట్: నియాన్ టెట్రాలను విడిగా ఉంచడమే మంచిదైంది

కొత్తగా తెచ్చిన ఆరు నియాన్ టెట్రా చేపలను నేరుగా పెద్ద తొట్టెలో వదలవచ్చా అని ఇక్కడ అడిగాను కదా, నాలుగు వారాలు విడిగా ఉంచమని మీరన్నారు. అలాగే చేశాను. పాత ఫిల్టర్‌లోని స్పాంజినే చిన్న తొట్టెలో పెట్టాను, మేలు చేసే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది కనుక.

ఐదో రోజు ఉదయం ఒకదాని తోక మీద ఉప్పు రవ్వంత తెల్లని చుక్క. సాయంత్రానికి మూడయ్యాయి. తెల్లమచ్చల వ్యాధే! చేప చర్మం కింద ఉన్నంతసేపూ ఈ వ్యాధి తెచ్చే పరాన్నజీవికి మందు తగలదు, నీటిలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాక కూడా మందు ఆపలేదు. అక్కడి నుంచి నాలుగు వారాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

ఒక చేప దక్కలేదు, చాలా బాధేసింది. మిగిలిన ఐదూ నిన్న పెద్ద తొట్టెలో చేరాయి. అందులో నాలుగేళ్లుగా పెంచుకుంటున్న మా గౌరామీ చేపలకు ఒక్క మచ్చా రాలేదు. మీ అందరికీ కృతజ్ఞతలు.