కోర్టు ఆర్డర్ ఉంది, భరణం మాత్రం రావట్లేదు. ఎలా వసూలు చేసుకోవాలి?

విడాకులప్పుడు నెలనెలా భరణం ఇవ్వాలని కోర్టు ఆర్డర్ ఇచ్చింది. మొదట్లో మా మాజీ భర్త సరిగ్గానే వేశారు. తర్వాత సగం సగం, ఇప్పుడు అదీ లేదు. అడిగితే "పని లేదు, ఎక్కడి నుంచి తేను" అంటారు. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం కొత్త కారు! అది తమ్ముడి పేరు మీద ఉందట.

ఆదాయం తగ్గితే ఆర్డర్ మార్చమని కోర్టుని అడగాలి గానీ, తనంతట తానే ఆపేయడం కుదరదని తెలుసు. ఆర్డర్ అమలు చేయించమని కోర్టులో పిటిషన్ వేయడానికి నేను సిద్ధమే. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఏ నెల ఎంత వచ్చింది, ఎంత బాకీ అని పట్టిక కూడా రాసుకున్నాను.

నా టెన్షన్ వేరే. జీతమైతే యజమాని దగ్గరే కోత పెట్టించవచ్చు. ఈయనది సొంత వ్యాపారం, అంతా నగదు, ఆస్తులు ఇంట్లోవాళ్ళ పేరు మీద. ఇలాంటి మనిషి దగ్గర ఏం జప్తు చేయిస్తాం? ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంగా ఇప్పించమని కోరినవాళ్ళకి ఫలితం వచ్చిందా? కట్టకపోతే జైలు అన్న మాట వినగానే డబ్బు కట్టినవాళ్ళున్నారా? లోపల కూర్చుంటే సంపాదించేదెలా అని నాకే అనిపిస్తోంది.

ఇంకొకటి, ఆయన వేసిన సగం సొమ్ము తీసుకున్నందుకు మిగతాది వదులుకున్నట్టు వాదిస్తారా?

"మాట్లాడుకుని సర్దుకోండి" అనకండి, అదీ అయిపోయింది. నిజంగా వసూలు చేసుకున్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.