అనంతపురం ఎండల్లో ఎలక్ట్రిక్ కారు నడుస్తుందా? వాడినవాళ్లు చెప్పండి

అన్నా, అక్కా, ఎవరైనా సరే, షోరూం మాటలు కాకుండా సొంతంగా వాడినవాళ్లు చెప్పండి. నాది 2016 పెట్రోల్ కారు, రోజూ ధర్మవరం పోయి రావాలంటే 80 కిలోమీటర్లు, లీటరు 110 దగ్గర ఉంటే నెలకు 15 వేలు పెట్రోలు బంకుకే పోతున్నాయి. రోజువారీకి ఎలక్ట్రిక్ సరిపోతుందని నాకూ తెలుసు, రాత్రి 15 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టి పడుకుంటే పొద్దున్నకు చాలా వరకు ఎక్కుతుంది.

నా టెన్షన్ అంతా బెంగళూరు గురించే. పాప అక్కడ చదువుతోంది, నెలకు రెండుసార్లు పోవాలి, ఒకవైపే 210 కిలోమీటర్లు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని, హైవే మీద 100లో పోతే కంపెనీ చెప్పిన రేంజ్‌లో (ఒకసారి ఫుల్ చార్జ్ చేస్తే పోయే దూరం) నిజంగా ఎంత మిగులుతుంది? పెనుకొండ, బాగేపల్లి వైపు ఫాస్ట్ చార్జర్లు పని చేస్తున్నాయా, లేక ఆప్‌లో కనిపించి అక్కడికి పోతే ఆగిపోయి ఉంటాయా? పోయినసారి స్నేహితుడి కారులో పోతే అట్లే అయింది, గంటన్నర టీ తాగుతూ కూర్చున్నాం.

ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ వేడికి బాగా తట్టుకుంటుందంటారు, ఈ సీమ ఎండకు మూడు నాలుగేళ్లు వాడినవాళ్లకు రేంజ్ ఎంత తగ్గింది? ఇంకోటి, మాది అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో నా మీటరు నుంచి వైరు లాగుతానంటే అసోసియేషన్ వాళ్లు మంటలొస్తాయని ఒప్పుకోవట్లేదు, వాళ్లను మీరెట్లా ఒప్పించారు?

మా ఆవిడైతే ఇంకో రెండేళ్లు పాతదే నడపమంటోంది.