ఆరు చేతుల బ్రిటిల్ స్టార్ గంజాం తీరానిదేనా, ఓడలు తెచ్చిందా?

చిట్టి మాస్టారు (బరంపురం):
మొన్న ఇక్కడ ఒకరు ఫొటో పెట్టారు. ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్పూర్ పోర్టు పక్కనున్న ఆర్జిపల్లి దగ్గర వలకి తగులుకున్న స్పాంజిని (సముద్రం అడుగున అతుక్కుని బతికే, ఒళ్లంతా రంధ్రాలున్న జీవి) చీలిస్తే లోపలంతా పచ్చటి చిన్న చిన్న జీవులు, ఒక్కోదానికి ఆరేసి చేతులు. దాని కింద ఒకరు "పోర్టు ఓడలు తెచ్చిన పీడ" అన్నారు, ఇంకొకరు "మన సంద్రంలో ఎప్పట్నుంచో ఉన్నదే" అన్నారు. ఆ గొడవ ఫొటో కింద తేలేలా లేదు, అందుకని వేరే చర్చ పెడుతున్నాను.

ముందు జీవి సంగతి. చూపులకి అది ఓఫియాక్టిస్ సావిన్యి అనే బ్రిటిల్ స్టార్ జాతి. సముద్ర నక్షత్రానికి చుట్టమే గాని అదే కాదు. సముద్ర నక్షత్రంలో చేతులు ఒంట్లోంచే సాగినట్టుంటాయి, జీర్ణావయవాలు చేతుల్లోకీ పాకుతాయి. దీనికి నడుమ బిళ్ల వేరు, చేతులు వేరు, కడుపంతా బిళ్లలోనే. బిళ్ల సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే. చేతి లోపల సున్నపు పూసలు వరసగా కీలు కట్టి ఉంటాయి, అందుకే అంత చురుగ్గా మెలి తిరుగుతుంది. నోటి చుట్టూ దవడలు ఉంటాయి. మలద్వారం లేదు, అరగనిది నోటితోనే బయటికి. బిళ్ల పైన ఒక్కో చేతి మొదట్లో రెండేసి పెద్ద నున్నటి పలకలు కనబడితే ఈ జాతి అనుకోవడానికి మంచి గుర్తు.

ఇక నా వాదన. దీనికి మూలర్, ట్రోషెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు పేరు పెట్టింది 1842లో. 1798లో నెపోలియన్ దండుతో ఈజిప్టు వెళ్లిన ఫ్రెంచి జంతు శాస్త్రజ్ఞుడు సావిన్యి పేరది. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. కాలువ లేక ముందే ఎర్ర సముద్రం వైపు ఉన్న జీవి, అక్కణ్ణుంచి హిందూ మహాసముద్రం మీదుగా పసిఫిక్ దాకా కనిపించే జీవి. దీన్ని గంజాంలో పరాయిది అనడానికి మనసెలా ఒప్పుతుంది?

పోర్టు గేటు:
మాస్టారూ, 1842లో ఓడల్లేవా? కాలువ లేకపోతేనేం, అరబ్బు తెరచాప ఓడలు మన తీరానికి అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ వస్తూనే ఉన్నాయి. మన గోపాల్పూర్ నుంచే రంగం (రంగూన్) పోయే స్టీమర్లు ఉండేవి, ఆ పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ ఒడ్డున కనబడతాయి. కాలువ తేదీ చూపించి ఓడని తప్పించలేరు.

పైగా ఇది రెండుగా చీలే జీవి. బిళ్ల మధ్యలోంచి తెగి మూడు చేతులు ఒకవైపు, మూడు చేతులు ఒకవైపు పోతాయి. రెండూ మిగతా చేతులు మొలిపించుకుంటాయి. ఓడ అడుగున పట్టిన స్పాంజిలో ఒక్కటి బతికినా చాలు, జత అక్కర్లేదు. అట్లాంటిక్ పడమటి వైపు వేడి సముద్రాల్లో ఉన్న ఇదే జాతిని మనుషులే మోసుకెళ్లారని 2002లో డీఎన్ఏ పరీక్షల ఆధారంతో తేల్చారు. అక్కడ జరిగింది ఇక్కడ జరగదా?

సోనాపురం పేట:
మేం అడుగు వల ఏస్తాం. సిన్నప్పట్నుంచి స్పాంజి వస్తానే ఉంది, దాన్ని ఇప్పుకోడానికే సగం పొద్దు పోద్ది. లోపల పురుగులు కదులుతా ఉంటాయి. పోర్టు కాడ అలలకి అడ్డంగా రాళ్లు పడక ముందూ ఉన్నాయి. మరి వాటికి ఐదు చేతులా ఆరు చేతులా అని ఎవడు లెక్కెట్టేడు బావూ. సేప కాదు, రొయ్య కాదు, కుట్టదు, వల కొరకదు. ఇదిలించి పారేస్తాం.

సంద్రం పిల్ల (ఇచ్ఛాపురం):
బాబాయ్ చెప్పిన మాటే ఇక్కడ అసలు చిక్కు. స్పాంజిలో దాగే బ్రిటిల్ స్టార్లు ఒక జాతి కాదు, చాలా ఉన్నాయి. ఐదు చేతుల ఓఫియోత్రిక్స్ రకాలూ అందులోనే దూరతాయి. "ముందూ ఉన్నాయి" అన్నది నిజమే కావచ్చు, కానీ అవి ఇవేనని దాంతో తేలదు. ఆరు చేతులున్నవన్నీ సావిన్యి కావు కూడా. సముద్రపు విసనకర్రల (కొమ్మలుగా పెరిగే ఒక రకం పగడాల) కొమ్మలకు చుట్టుకుని ఆరు చేతుల బుల్లి జీవి కనిపిస్తే అది ఓఫియోథీలా అయ్యే వీలు ఎక్కువ. అది పసిఫిక్ వైపుది, బ్రెజిల్ తీరానికి ఎలాగో చేరి అక్కడ విపరీతంగా పెరిగింది. ఫొటోలోది స్పాంజి లోపల దొరికింది గనుక మాస్టారి ఊహకే నా ఓటు. ఊహే, ఎందుకంటే ఫొటోలో నోటి వైపు కనపడలేదు. ఈ జాతులను ఖాయం చేసేది దవడ పక్కన ఉండే చిన్న పళ్ల లాంటి ముక్కలు, చేతి ముళ్ల లెక్క.

ఇక 2002 సంగతి. దాన్ని పోర్టు గేటు గారు తిరగేసి చదువుతున్నారు. ఆ పరీక్షలు అట్లాంటిక్ పడమటి తీరానికి ఈ జీవి బయటి నుంచి వచ్చిందన్నాయి, గంజాం గురించి ఏమీ చెప్పలేదు. ఇల్లు ఇటువైపు, వలస అటువైపు. అక్కడ పరాయిది కాబట్టి ఇక్కడా పరాయిదే అంటే, పెళ్లికూతురు అత్తారింట్లో కొత్త కనుక పుట్టింట్లోనూ కొత్తే అన్నట్టుంది.

రావడానికి ఓడే అక్కర్లేదు కూడా. ఆడ మగ కలిసి ఉన్నచోట ఇవి గుడ్లూ వీర్యమూ నీళ్లలోకి వదులుతాయి. పుట్టిన డింభకం (పిల్ల దశ) ప్లవకాలతో, అంటే నీళ్లలో కొట్టుకుపోయే సూక్ష్మజీవులతో, తేలుతూ పోతుంది. మన తూర్పు తీరం ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఎండాకాలం ముందు ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి. విశాఖ రాళ్ల నుంచి ఇక్కడికి రావడానికి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంది.

పోర్టు గేటు:
పిల్లా, ఆడ మగ కలిసి ఉన్నచోట అని నువ్వే అన్నావు. చీలి చీలి పెరిగిన గుంపులో అన్నీ ఒకటే లింగం అయితే డింభకాలెక్కడివి? ఫ్లోరిడాలో స్పాంజిల్లో చూస్తే మగవే ఎక్కువ అని చదివాను. అలాంటప్పుడు దూరం పోవాలంటే ఏదో ఒక దాన్ని పట్టుకుని పోవాల్సిందే.

ఇంకొకటి. మన తీరం అంతా ఇసక. ఈ జీవికి పట్టు కావాలి, సందు కావాలి, స్పాంజి కావాలి. అలలు ఆపడానికి పోర్టు వాళ్లు వేసిన రాళ్లే ఈ దరిదాపుల్లో గట్టి నేల. అవి లేనప్పుడు ఎక్కడుండేది?

సోనాపురం పేట:
ఒడ్డు ఇసకే. లోపలికి పోతే అడుగంతా ఇసక కాదు బాబూ. గుల్లలు, సచ్చిన పగడపు ముక్కలు, రాయి ఉన్న సోట్లు మాకు తెలుసు. అక్కడ వల సిరుగుతాది కాబట్టే తెలుసు.

చిట్టి మాస్టారు:
చూశారా! నేలే ఉన్నప్పుడు జీవి లేదనడం ఎలా?

సంద్రం పిల్ల:
మాస్టారూ, తొందరపడకండి. నేల ఉంటే జీవి ఉండాలని లేదు. వానాకాలంలో రుషికుల్య, బాహుదా పొంగితే తీరం నీళ్లలో ఉప్పు తగ్గుతుంది. సముద్ర నక్షత్రాలు, బ్రిటిల్ స్టార్లు ఉన్న ఈ వర్గం మొత్తానికి ఒంట్లో ఉప్పు సర్దుకునే శక్తి లేదు. చిలికా సరస్సు లోపల ఈ వర్గం జీవులు అరుదు, అదీ సముద్రపు నోటి వైపే. కాబట్టి ఒడ్డు దగ్గరి గుంపు కొన్నేళ్లు పెరిగి, ఒక పెద్ద వరద ఏడాది తుడిచిపెట్టుకుపోయి, లోతు నుంచి మళ్లీ రావచ్చు. ఇవాళ గుంపు ఉందా లేదా చూసి ఎన్నేళ్లుగా ఉందో చెప్పలేం.

నా మాట ఇది. సముద్రానికి పాతది, రాళ్లకి కొత్తది కావచ్చు. ఓడ దాన్ని తేకపోయినా, పోర్టు దానికి ఇల్లు కట్టి ఉండొచ్చు. మీరిద్దరూ "ఓడ తెచ్చిందా లేదా" అనే ఒక్క చోటే పట్టుకుని లాగుతున్నారు.

పోర్టు గేటు:
ఇది రాజీ మాట. నేను ఒప్పుకోను. ఇల్లు కట్టినవాడే అద్దెకున్నవాణ్ణీ తెచ్చాడేమో చూడాలిగా.

రెండో వీధి (ఛత్రపురం):
పరాయిదని తేలితే గోకి పారేస్తే పోదా? దీనికి ఇంత చర్చా?

సంద్రం పిల్ల:
గోకితేనే కష్టం అన్నా. తెగిన చెయ్యి ఒక్కటే కొత్త జీవి కాదు, ఆ భయం లేదు. కానీ బిళ్లలో భాగంతో పాటు చేతులుంటే సగం ముక్క బతుకుతుంది. స్పాంజిని చీల్చి నీళ్లలో వదిలితే లోపలివన్నీ బయటపడి పక్క రాయి వెతుక్కుంటాయి. ఓడ అడుగు గోకినా అంతే. పైగా ఇది హాని చేస్తోందని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. నీళ్లలో కొట్టుకొచ్చే చెత్తను చేతులతో పట్టుకుని తింటుంది, దీన్ని చేపలు తింటాయి.

తేల్చుకోవాలంటే మూడు చోట్ల స్పాంజి కావాలి: పోర్టు రాళ్ల మీదిది, సోనాపురం అడుగు వలలోది, విశాఖ రాతి తీరానిది. ఫార్మలిన్‌లో వెయ్యొద్దు, డీఎన్ఏ పాడవుతుంది, అది పులుపెక్కితే (ఆమ్లంగా మారితే) సున్నపు పలకలు కరుగుతాయి కూడా. మంచి గాఢత ఉన్న ఆల్కహాల్‌లో వెయ్యాలి. ఏ చోటిది ఏ సీసాయో రాసి పెట్టాలి. గోపాల్పూర్‌లోనే జంతు జాతులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ జూలాజికల్ సర్వే వాళ్ల కేంద్రం ఉంది, జాతి ఖాయం చేయమని అక్కడ అడగొచ్చు.

పోర్టు గేటు:
రాళ్ల మీదివన్నీ ఒకే రకం డీఎన్ఏ వస్తే నేను గెలిచినట్టేనా?

సంద్రం పిల్ల:
మీ వైపు కాస్త బలం వస్తుంది. అదొక్కటే చాలదు, ఎందుకంటే చీలి పెరిగే జీవి సొంత ఊళ్లో కూడా ఒకే రకంగా పెరగొచ్చు. ఆ రకం లోతులోనూ విశాఖలోనూ లేక, ఎక్కడో దూర దేశపు ఓడరేవులో దొరికితే అప్పుడు గెలుస్తారు. రాళ్ల మీదివాటి డీఎన్ఏ లోతువాటితో సరిపోతే మాత్రం పోర్టు మాట వదిలెయ్యాలి.

సోనాపురం పేట:
జూన్ 14 దాకా వేట బందు. తర్వాత మా వల స్పాంజి నేను తెస్తాను. పోర్టు రాళ్ల కాడికి మమ్మల్ని పోనివ్వరు.

పోర్టు గేటు:
అది నేను చూసుకుంటాను. మీ సీసాలు మీ దగ్గరే ఉంచండి, నావి నా దగ్గర. కలిపేస్తే మళ్లీ ఇదే గొడవ.